పగలగొట్టబోయిన పచ్చ గిన్నె

మా ఆయన మాస్క్లియోకి కోపం వస్తే గాజుకంటే ముందు మనుషులు పగులుతారు. ఆ రోజు ఆయన నోటికి దొరికింది మా మామగారు సెనీలిస్.

"శీతాకాలమంతా చెక్కానే! తీరా చూస్తే బఠాణీ జావ రంగు. రోము దొరలు దీన్ని ముట్టుకుంటారా?"

గిన్నె ఊదింది మామగారు. ఆ దళసరి గాజును బయటినుంచి చెక్కి, గిన్నె చుట్టూ గాజు వల నిలబెట్టింది మా ఆయన. వలకీ గిన్నెకీ మధ్య సన్నని కాడలు తప్ప ఇంకేమీ లేవు. చెక్కేటప్పుడు విరగకుండా లోపల నింపిన మైనాన్ని అప్పుడే కరిగించి తీశాం. తీసినా అదే మురికి పచ్చ.

"గాజు కరిగించే మూసలో ఏం కలిపావు నాన్నా?"

"బంగారు రేకుల బల్ల కింద ఊడ్చిందేదో పడుంటుంది రా. చూపు ఆనలేదు."

"ఆనకపోతే ఇంట్లో కూర్చో. ఇంక కొలిమి గడప తొక్కకు."

ముసలాయన ఊదే గొట్టాన్ని తీసుకెళ్లి మూలన పెట్టేశారు. కొలిమి లేకపోతే ఆయన మనిషిగా మిగలరు. నాకు ఒళ్లు మండింది.

మా కొలోనియా ఊరి ఆచారం ప్రకారం, చెడిపోయిన గిన్నెను పగలగొట్టే ముందు, ఊదినవాడు అందులో ఒక్క గుక్క తాగాలి. దానికి ద్రాక్షసారా దండగని బీరు పోసి మామగారి చేతికిచ్చాను. ఆయన గుమ్మంలో నిలబడి, అలవాటు ప్రకారం రైన్ నది మీది ఎండకేసి గిన్నెను ఎత్తారు.

గిన్నె ఎర్రబడింది. ఆయన గడ్డం, చేతులు, వెనకున్న గోడ అన్నీ ఎర్రబడ్డాయి.

"ద్రాక్షసారా పోశావేమే?" అన్నాడు మా ఆయన.

"బీరేనయ్యా, నీమీదొట్టు!"

గిన్నె తీసుకుని బీరు పారబోశాడు. ఖాళీ గిన్నె కూడా నిప్పుకణికలా వెలుగుతోంది. నీడలోకి తెస్తే పచ్చ. ఎండకి ఎత్తితే ఎరుపు. గుళ్లో ఉన్నట్టు ముసుగు తలమీదకి లాక్కున్నాను. జన్మలో అంత అందమైనది చూడలేదు.

"ఏమైందమ్మాయ్? ఇద్దరూ మూగబోయారేం?" అన్నారు మామగారు. ఆయన కళ్లకి వెలుగు తెలుస్తుంది గానీ రంగులు తెలియవు.

"ఎర్రగా వెలుగుతోంది మామయ్యా. గిన్నె మొత్తం."

"వేళాకోళమా? నా గుక్క నన్ను తాగనివ్వండి, తర్వాత పగలగొట్టుకోండి."

మా ఆయన గిన్నెను మెల్లగా నా చేతుల్లో పెట్టాడు. మూలనున్న ఊదే గొట్టం తెచ్చి తండ్రి చేతికిచ్చాడు.

"కొలిమి రాజెయ్యి నాన్నా."

"ఏం కలిపానో నాకే గుర్తులేదు రా. అలాంటిది మళ్లీ రాదు."

"రాకపోతే మానె. బఠాణీ జావలా వచ్చినా సరే, చెక్కుతాను."