మోచేతికి చేరిన బరువు

ఇస్త్రీ ఆయనకు కుడి మణికట్టు నొప్పి పోయింది. అందులో అనుమానం లేదు. డాక్టరు ముంజేతిలో చిటికెనవేలి వైపు ఎముకను కోసి, కాస్త పొట్టిచేసి, ప్లేటు వేసి బిగించాడు. ఇప్పుడు ఇస్త్రీపెట్టె మీద వాలితే మోచేయి బయటివైపు, లోపలెక్కడో సలుపుతోంది. ఎడమ మణికట్టేమో కుడిదాని దారే పట్టింది. దానికీ అదే ఆపరేషన్ అంటున్నాడు డాక్టరు. రెండు మోచేతులూ పోతే ఇక లాండ్రీలో తన చోటు బల్ల ముందు కాదు, బయట మెట్ల మీదే.

"ఆ కోత వల్లే ఇలా అయిందాండీ?" అని ఆసుపత్రిలో అడిగాడు.

డాక్టరు తన ముంజేతిని బల్లమీద నిలబెట్టి చూపించాడు. "అరచేతి మీద పడే బరువును ఇక్కడ రెండెముకలూ పంచుకుంటాయి. ఒకటి పొట్టిదైతే రెండోదాని మీద ఎక్కువ పడుతుంది. ఆ రెండోది మోచేతి బయటివైపు కీలుకు ఆని ఉంటుంది. అక్కడ ఒత్తిడి పెరిగి ఉండొచ్చు. ఎక్స్‌రేలో మాత్రం ఏ తేడా లేదు."

"అంటే ఉన్నట్టా, లేనట్టా?"

"నొప్పి ఉంది. కారణం అదేనని చెప్పలేను. ఎడమచేతి సంగతి ఎల్లుండిలోగా చెప్పండి."

కోపం తెచ్చుకుందామనుకున్నాడు. కానీ డాక్టరు అబద్ధమాడలేదు కదా. నొప్పి తనదే అయినా దాని సంగతి తనకే తెలియకపోవడం సిగ్గుగా అనిపించింది.

మధ్యాహ్నం లాండ్రీలో దుప్పటి పరిచాడు. ఎదురుబల్ల దగ్గర చొక్కాలు మడతపెడుతూ అక్క అతన్నే చూస్తోంది.

"ఒరేయ్, మణికట్టు బాగైందన్నావుగా. మరి చెయ్యెందుకలా వంకర తిప్పి తోస్తున్నావ్?"

"తిప్పలేదే."

"నాకు కళ్ళు లేవనుకున్నావా? నొప్పిని తప్పించుకోడానికి పట్టిన వంకరది. నొప్పి వెళ్ళిపోయినా నువ్వింకా మర్యాదగా దానికి దారిస్తున్నావు."

చూసుకున్నాడు. నిజంగానే చెయ్యి తిరిగి ఉంది. సరిచేసి తోశాడు. సలుపు తగ్గినట్టుంది. తగ్గాలని కోరుకున్నందుకు తగ్గిందేమో. మళ్ళీ వంకరగా తోశాడు. అప్పుడూ తగ్గే ఉంది. ఇంకోసారి తోసేసరికి ఏది పాత పద్ధతో, ఏది సరైనదో తెలియకుండా పోయింది.

"దుప్పటి మాడుతోందిరా," అంది అక్క.

పెట్టె నిలబెట్టి ఆసుపత్రికి ఫోన్ చేశాడు. ఎడమచేతికి ఆపరేషన్ ఇప్పుడే వద్దన్నాడు.

"భయమాండీ?" అంది అవతలి అమ్మాయి.

ఆలోచించాడు. "అదీ తెలీడం లేదమ్మా. ముందు కుడిచెయ్యి నాకు అర్థం కానీ."

ఫోన్ పెట్టేసరికి ఎడమ మణికట్టులో పోటు మొదలైంది. దుప్పటి సగం మిగిలే ఉంది. పెట్టె ముందు రెండు చేతులూ చాపి నిలబడ్డాడు.

"ఏదో ఒక చెయ్యి వెయ్యరా బాబూ," అంది అక్క. "సాయంత్రానికి ఇచ్చెయ్యాలి."