అడ్డు అన్న మాట

దస్తావేజులు రాసే పెద్దాయనను ఆ వీధిలో అందరూ నిఘంటువు గారనే పిలిచేవారు. ముఖంమీద అన్నా ఆయన ఏమీ అనుకునేవాడు కాదు సరికదా, లోలోపల మురిసిపోయేవాడు. నలభై ఏళ్ళుగా రాస్తున్నా తన కాగితంలో ఒక్క మాటైనా అటూ ఇటూ కాలేదని ఆయన ధీమా.

ఒకరోజు పొద్దున్నే అక్కచెల్లెళ్ళిద్దరు వచ్చి ఆయన బల్ల ముందు కూర్చున్నారు. అక్క పుస్తకాలకు అట్టలు కడుతుంది. చెల్లెలు పరుపులు కుడుతుంది. ఇద్దరి పనీ ఒకే పొడవాటి గదిలో. పదేళ్ళ కిందట తండ్రి పోయేముందు ఆ గదిలో వీధివైపు సగం పెద్దదానికీ, పెరటివైపు సగం చిన్నదానికీ రాసిచ్చాడు. ఆ కాగితం రాసింది నిఘంటువు గారే.

"దీని దూదంతా ఎగిరొచ్చి నా జిగురు మీదే వాలుతుందండీ," అంది అక్క. "నిన్న ఒకాయన పుస్తకం తీసుకుని, ఏమ్మా, దీనికి మీసాలు మొలిచాయేంటి అన్నాడు. మధ్యలో గాజు పలకలు బిగించుకుంటానంటే ఇది ససేమిరా అంటోంది."

"అడ్డు పెట్టకూడదని నాన్నే రాయించాడు కదా," అంటూ చెల్లెలు దస్తావేజు తీసి బల్లమీద పరిచింది.

"అది గోడ గురించే. గాజు పలక గోడెలా అవుతుంది?"

"అదే అడుగుదామని వచ్చాం. మీరే చెప్పండి, అడ్డంటే గోడేనా?"

అడగక అడగక అడిగారన్నట్టు నిఘంటువు గారు కళ్ళజోడు సర్దుకున్నాడు.

"గోడ వేరు, దడి వేరు, కంచె వేరు, తెర వేరమ్మా. కట్టేది గోడ. పుల్లలతో అల్లేది దడి. చేను చుట్టూ ముళ్ళతో వేసేది కంచె. వేలాడేది తెర. ఇవన్నీ ఒక్క మాటలో చెప్పాలంటే అడ్డు. ఎండకి గొడుగు అడ్డు, ఏటికి కట్ట అడ్డు, దారిలో కాలు చాపినా అడ్డే. నేను గోడ అని రాసుంటే, రేపు ఎవరో బీరువా నిలబెట్టి ఇది గోడ కాదుగా అంటారు. అడ్డు అన్నాక ఇక సందు లేదు."

"అయితే గాజు పలక?" అంది అక్క.

"అడ్డే."

"ప్రస్తుతానికి పాత చీర వేలాడదీశాను. అది?"

"అదీ అడ్డే తల్లీ."

అక్క కొంగు దులుపుకుని లేచింది. వెనకాలే చెల్లెలు నడిచింది. గెలిచిన కళ ఆమె ముఖంలోనూ లేదు.

మధ్యాహ్నం అన్నం తింటూ ఆయన ఈ సంగతంతా భార్యకు పూసగుచ్చినట్టు చెప్పాడు. ఆవిడ అంతా విని, "వాళ్ళ నాన్న అంత చాదస్తం మనిషి కాదే. గదిలో చీర కూడా కట్టుకోవద్దని ఎందుకు రాయిస్తాడు?" అంది.

ఆయన చేతిలోని ముద్ద కంచంలోనే వదిలేశాడు. చెయ్యి కడుక్కుని ట్రంకుపెట్టె తెరిచాడు. రాయించుకునేవాళ్ళు చెప్పింది చెప్పినట్టు ముందు చిత్తు పుస్తకంలో రాసుకోవడం ఆయన అలవాటు. పదేళ్ళ నాటి పుస్తకం వెతికి తీశాడు. ఆ తండ్రి మాటలు అందులో ఇలా ఉన్నాయి: "పెద్దదాని సగానికి వెలుతురు వచ్చేది వెనక కిటికీ నుంచే. అసలే దానిది కళ్ళు పొడుచుకునే పని. ఆ వెలుతురికి అడ్డు పెట్టకూడదని రాయండి."

సాపు కాగితంలో మాత్రం "గది మధ్యన ఎట్టి అడ్డును పెట్టరాదు" అని ఉంది. వెలుతురు అన్న మాట ఎగిరిపోయింది.

"చిత్తు పుస్తకం చూపించమని ఎవరూ అడగరులెండి," అంది భార్య. ఆయన పుస్తకాన్ని పెట్టె అడుక్కి తోసి మూత వేశాడు.

రెండు రోజులు గడిచాయి. మూడోరోజు అటుగా వెళ్తూ ఆ గదిలోకి తొంగిచూశాడు. అక్క సూదిమొనతో అట్టమీది దూదిపోగులు ఒక్కొక్కటే ఏరుతోంది. అవతల చెల్లెలు దూది ఎగరకూడదని తన కిటికీ తలుపులు మూసుకుని, చెమటలు కక్కుతూ, దూదిని పిడికెడు పిడికెడు తీసి కూరుతోంది. దాంతో గదంతా చీకటిగా ఉంది.

ఆయన ఇంటికి తిరిగి వెళ్ళి చిత్తు పుస్తకం పట్టుకొచ్చాడు.

"తప్పు నాదమ్మా," అని అక్క చేతికిచ్చాడు. "మీ నాన్న చెప్పింది ఇది. నేను రాసింది వేరు."

అక్క కూడబలుక్కుంటున్నట్టు రెండుసార్లు పైకి చదివింది. "ఇన్నాళ్ళూ నాన్న నా కాళ్ళకి బంధం వేసి పోయాడనుకున్నాను," అంది మెల్లగా.

"మనం విడిపోకూడదని రాయించాడని నేననుకున్నా," అంది చెల్లెలు. "అందుకే పట్టుబట్టాను."

అడ్డు అన్న మాటకు ఇన్ని వాడుకలు చెప్పిన నిఘంటువు గారికి ఈ రెండు అర్థాలూ తట్టనే లేదు.

చెల్లెలు వెళ్ళి కిటికీ తలుపులు తెరిచి వచ్చింది. "గాజైతే వెలుతురు ఆగదు. పెట్టించుకో. కాకపోతే నీ మాట నాకు వినపడదు."

"వినపడకపోతే అరుస్తాలే. ఇప్పుడు మాత్రం అరవడం లేదా?"

ఆ వారంలోనే వడ్రంగి వచ్చి చట్రం బిగించాడు. చెల్లెలు అడిగిందని మధ్య పలక ఒకటి పక్కకు జరిగేలా పెట్టాడు. నిఘంటువు గారు సవరణ కాగితం రాసి తెచ్చి, వాళ్ళకు వినిపించి, ఏ మాటకు ఏమి అర్థం చేసుకున్నారో ఇద్దర్నీ విడివిడిగా అడిగి తెలుసుకున్నాకే సంతకాలు పెట్టించాడు.

ఆయన వాకిలి దాటుతుంటే లోపల మళ్ళీ వాదన మొదలైంది. గాజు తుడిచేది ఎవరని. ఆయన ఆగి విన్నాడు. ఎవరివైపు వాళ్ళే తుడుచుకోవాలని తేలేసరికి, చెప్పుల్లో కాళ్ళు దూర్చుకుని ఇంటిదారి పట్టాడు.