అక్షరాలు చెరిగిన కీబోర్డు

గ్రేసీ కీబోర్డు మీద ఒక్క అక్షరం కూడా మిగల్లేదు. పన్నెండేళ్ళుగా ఆదివారం ఆరాధన క్రమాలూ, బాప్తిస్మ సర్టిఫికెట్లూ, సమాధి కూటాల కాగితాలూ కొట్టీ కొట్టీ మీటలన్నీ బోడిగుండ్లయ్యాయి. కొత్తది తెప్పిస్తామని సంఘం వాళ్ళు రెండుసార్లు అన్నా ఆవిడ ఒప్పుకోలేదు. అక్షరాలు వేళ్ళలో ఉంటే చాలు, మీటల మీద ఎందుకని ఆవిడ వాదన. ఆ వాదనలో కాస్త గర్వం ఉన్నమాట నిజమే. యాభయ్యారేళ్ళ వయసులోనూ కష్టపడుతున్న మనిషికి ఆ మాత్రం గర్వం కూడా ఉండకూడదా?

లాలాగూడ రైల్వే క్వార్టర్ల వెనక ఒక చిన్న చర్చి, దానికి ఆనుకుని ఆఫీసు గది. భర్త పోయాక ఆ గదే ఆవిడకు లోకమైంది. ఇంట్లో పలకరించే దిక్కు లేదు గానీ, ఆ కుర్చీలో కూర్చుంటే పెళ్ళివాళ్ళూ చావువాళ్ళూ అందరూ వచ్చి ‘గ్రేసమ్మా’ అని పిలిచేవాళ్ళు.

ఈస్టర్ వెళ్ళిన రెండో వారంలో రోగం మొదలైంది. గ్రేసీ మధ్యాహ్నం అన్నానికి వెళ్ళి వచ్చేసరికి కంప్యూటరు నిద్రలో ఉండేది. అది మామూలే. మౌసు కదిపితే తెర వెలిగేది. కొట్టబోతే మాత్రం కీబోర్డు పలికేది కాదు. చేసేది లేక బటను నొక్కిపట్టి కంప్యూటరునే ఆర్పి మళ్ళీ పెడితే అన్నీ బుద్ధిగా పనిచేసేవి. కాకపోతే అప్పటిదాకా కొట్టి సేవ్ చేయనిదంతా గంగపాలు.

అలా పోయినవాటిలో ఒక పెళ్ళి ప్రకటన ఉంది. అబ్బాయి పేరూ అమ్మాయి పేరూ వరసగా మూడు ఆదివారాలు సంఘంలో చదివితే తప్ప పెళ్ళి జరగదు. రెండో ఆదివారం కాగితంలో ఆ జంట పేర్లే లేవు, మళ్ళీ కొట్టేటప్పుడు గ్రేసీ మరిచిపోయింది. లెక్క మళ్ళీ మొదటికొచ్చి పెళ్ళి వాయిదా పడింది. మౌలాలిలో మాట్లాడుకున్న హాలు చేజారింది. పెళ్ళికూతురి తండ్రి చర్చి మెట్ల మీదే నిలబడి అరిచాడు. కార్యదర్శి జెరెమియా గారు మర్యాదస్తుడు, అరవలేదు. వచ్చే ఆదివారం కమిటీలో గ్రేసమ్మ వయసు సంగతి మాట్లాడుకుందామని మాత్రం అన్నాడు. ఆ మర్యాద కంటే ఆ అరుపే నయం.

కీబోర్డు చచ్చిపోతోందని చెబితే ఎవరూ నమ్మలేదు. నమ్మింది డోరా ఒక్కతే. ముప్ఫై ఏళ్ళ స్నేహం వాళ్ళది. స్త్రీల సమాజానికి డోరాయే పెద్ద, కమిటీలోనూ ఉంది, ఇల్లు చర్చి గోడ పక్కనే. చల్లారిన డబ్బా తింటే షుగరు మనిషికి మంచిది కాదని, ఈస్టర్ తర్వాత నుంచి రోజూ ఒంటిగంటకు గ్రేసీని ఇంటికి పిలిచి వేడివేడిగా వడ్డిస్తోంది. ఒకరోజు ఆఫీసుకే వచ్చి, కంప్యూటరు మీద చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని అయిదు నిమిషాలు ప్రార్థన చేసింది. కంప్యూటరుకు ప్రార్థనేమిటని గ్రేసీకి నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపూ వచ్చింది.

బన్సీలాల్‌పేట్‌లో కంప్యూటర్లు బాగుచేసే జిలానీ అప్పటికే రెండుసార్లు వచ్చి వెళ్ళాడు. సెట్టింగుల్లో, కరెంటు పొదుపు కోసం కీబోర్డును ఆర్పేసే టిక్కు ఒకటుంటే తీసేశాడు. అయినా తగ్గలేదు. కీబోర్డును తనతో తీసుకెళ్ళి, గురువారం తెచ్చి బిగించి పోయాడు. సోమవారం మధ్యాహ్నం పన్నెండున్నరకు మళ్ళీ వచ్చి, బల్ల కిందికి దూరి, కాసేపటికి మోకాళ్ళ మీద లేచాడు.

“మేడం, మీ కీబోర్డు బరాబర్ ఉంది. మా దుకాన్ల పది సార్లు కంప్యూటర్‌ని పండబెట్టి లేపిన, పది సార్లు లేచింది. మొన్న నా చేతుల్తోని దీని వైరు వెనక పెట్టి పోయిన. ఇయ్యాల ముందట ఉంది. మీరు మార్చిండ్రా?”

గ్రేసీ మోకాళ్ళు వంగక ఏడాదయింది. బల్ల కిందికి వంగే ప్రసక్తే లేదు. జిలానీ విడమరిచి చెప్పాడు. ఈ పాత డబ్బా నిద్రపోయినా వెనక సాకెట్లకు కరెంటు అందుతుందట, ముందువాటికి అందదట. ముందు సాకెట్లో పెట్టిన కీబోర్డు, కంప్యూటరును మళ్ళీ స్టార్ట్ చేస్తే గాని మేలుకోదట. అంటే ఎవరో రోజూ ఈ కీబోర్డు పీకి, ఆ చోట తమది పెట్టుకుని, పోతూ పోతూ దీన్ని అందిన సాకెట్లో గుచ్చి, కంప్యూటరును నిద్రపుచ్చి పోతున్నారు.

ఇంత పాత కంప్యూటరుకు సొంత కీబోర్డు మోసుకొచ్చే ఖర్మ ఎవరికని గ్రేసీ అడిగింది. జిలానీ బోడి మీటల వైపు చూసి నవ్వాడు.

“దీని మీద అక్షరాల్లేవు గద మేడం. చూసి కొట్టేటోళ్ళకు ఇది పనికిరాదు. కొత్తగ నేర్చుకుంటున్నోళ్ళెవరో ఉన్నరు.”

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. గ్రేసీ ఎవరెవరినో అనుమానించింది, చివరికి ఊడ్చే మనిషిని కూడా. డోరా ఇంటి వైపు మాత్రం ఆవిడ మనసు పోనేలేదు. గది ఖాళీగా ఉండేది మధ్యాహ్నం ఆ గంటసేపే కాబట్టి, ఆవేళ గబగబా నాలుగు ముద్దలు తిని వెనక్కి వచ్చి చూద్దామనుకుంది.

డోరా గోంగూర పప్పు చేసింది. గ్రేసీ సగంలోనే చెయ్యి కడుక్కోవడానికి లేస్తే, పెరుగు వేసుకోలేదేమని మణికట్టు పట్టుకుని కూర్చోబెట్టింది. గడియారం చూసింది. ఆఫీసులో చిన్న పనుందని గ్రేసీ మళ్ళీ లేవగానే, పెరుగు గిన్నె తెస్తానని వంటింట్లోకి వెళ్ళి ఫోను చెవిన పెట్టుకుంది. గొంతు తగ్గించింది గానీ, అది ఎంత వంటిల్లని?

“హదస్సా, లే, లే. అక్క వస్తున్నది. కీబోర్డు దాచెయ్యి.”

హదస్సా డోరా కోడలు. గ్రేసీ ఇన్నాళ్ళుగా ఇక్కడ అన్నం తింటున్నా ఆ పిల్ల ఒక్క మధ్యాహ్నం కూడా ఇంట్లో కనబడలేదు. అడిగితే కోచింగ్‌కు పోయిందని డోరా చెప్పేది. గ్రేసీ ఎంగిలి చేత్తోనే నిలబడిపోయింది. ఒళ్ళంతా మండిపోయింది. తన షుగరు మీద ఇంత ప్రేమేమిటా అని ఒక్కనాడూ అనుకోనందుకు తన మీద తనకే అసహ్యమేసింది.

పెరుగు గిన్నెతో బయటికొచ్చిన డోరా ఆ ముఖం చూసి గిన్నె కింద పెట్టింది. బుకాయించలేదు, అంతవరకు మెచ్చుకోవాలి. గ్రేసీ ఎట్లాగూ ఏదో ఒకరోజు దిగిపోతుంది కదా, అప్పటికి కోడలు నేర్చుకుని ఉంటే ఆ కుర్చీ బయటివాళ్ళకు పోదని అనుకుందట. కీబోర్డు చావడానికి కారణం హదస్సాయేనని మాత్రం తనకు తెలియదని ఒట్టేసింది. ప్రార్థన నిజంగానే చేశానంది.

గ్రేసీ అదీ నమ్మింది. ముప్ఫై ఏళ్ళ అలవాటు, ఒక్క పూటలో పోయేది కాదు. ఒక్కటే అడగాలనిపించింది.

“పెళ్ళి ప్రకటన పోయి అందరూ నన్ను తిట్టిన రోజున, పాపం గ్రేసక్క అనుకున్నవా?”

డోరా పెరుగు గిన్నె మీద మూత పెట్టింది.

“ఇంక కుర్చీ తొందరగనే ఖాళీ అయితదేమో అనుకున్న అక్కా.”

గ్రేసీ వెళ్ళి పంపు కింద చెయ్యి కడుక్కుంది. గోంగూర పులుపు ఇంకా నోట్లోనే ఉంది. కొంగుతో చెయ్యి తుడుచుకుంటుంటే డోరా వెనకే వచ్చి ఏడుపు మొదలుపెట్టింది. ఆదివారం కమిటీలో ఈ సంగతి ఎత్తొద్దని, కోడలికి తెలిసీ తెలియని వయసని, నలుగురిలో పేరు పాడైతే ఆ పిల్లకు ఎక్కడా ఉద్యోగం రాదని బతిమాలింది.

“పిల్లదేం తప్పు లేదు, నేర్చుకున్నది. ఆమె పేరు చెప్పను,” అంది గ్రేసీ. “నీ పేరు చెప్తా.”

ఆదివారం చెప్పింది.