ఎవరో వాడుతున్నారు

కింద టాక్సీవాడు హారన్ మీద చెయ్యి తియ్యడం లేదు. పైన స్టూడియోలో, ట్యూన్లు కట్టే చిలకకేమో పెన్‌డ్రైవ్ చేతికి రావడం లేదు. కొత్త సీరియల్‌కు టైటిల్ ట్యూను కావాలన్న కంపెనీవాళ్ళు, ఈ సాయంత్రం ఆఫీసు మూసేలోగా ఇచ్చినవాళ్ళదే వింటామన్నారు. చెప్పులరిగేలా తిరిగితే దొరికిన మొదటి అవకాశం. తీరా బయల్దేరదామని పెన్‌డ్రైవ్ విడిపించే కమాండ్ కొడితే, కంప్యూటర్‌లోని ఈ లినక్స్ మహాతల్లి ఒప్పుకుంటేనా! ఎవరో వాడుతున్నారు, కుదరదు పొమ్మంది.

తెరిచినవన్నీ మూసేసి మళ్ళీ కొట్టింది. మళ్ళీ అదే పాట. లాగి పారేద్దామనిపించింది కానీ, అందులోకి ఏదైనా ఎక్కుతుండగా లాగితే ఫైలు మట్టికొట్టుకుపోతుంది.

ఇంతకీ పట్టుక్కూర్చున్న ఆ మహానుభావుడెవరో చూద్దామని మరో కమాండ్ కొట్టింది. స్క్రీన్ మీద ఒక్కటే వరస. ఎవరో కాపీ చేస్తున్నారు. పక్కన బాబాయి పేరు.

చిలక ఒళ్ళు భగ్గుమంది. ఈ స్టూడియో ఇద్దరిదీ. ట్యూన్లు కట్టడం నేర్పింది ఆయనే. ఈమధ్య ఆయనకూ పనుల్లేవు. అందుకని పక్కగదిలో కూర్చుని, ఈ సిస్టమ్‌లోకి దూరి, తన ట్యూను తోడుకుపోతున్నాడా? ఎంత మోసం! తోడుకుపోయేదాన్ని ఆపితే తన ఫైలుకొచ్చే నష్టమేమీ లేదు కదా అనుకుని, ఆ కాపీని అక్కడికక్కడే చంపేసింది.

మరుక్షణం బాబాయి తలుపు తోసుకుని వచ్చాడు. "ఏమే చిలకా, ఎందుకాపావు?"

"సిగ్గులేదూ బాబాయ్? సొంత అన్న కూతురి ట్యూనే దొంగిలిస్తావా? నోరు తెరిచి అడిగితే ఇవ్వనా?"

ఆయన స్క్రీన్ మీద ఆ వరస చివర వేలు పెట్టాడు. కాపీ బయల్దేరింది ఆయన ఫోల్డర్‌లోంచి, చేరుతోంది చిలక పెన్‌డ్రైవ్‌లోకి. పేరు చూడగానే కళ్ళు మూసుకుపోయిన చిలక చివరిదాకా చదవనే లేదు.

"నీ ట్యూను మధ్యలో కరకరమంటోంది. చెబితే కంగారు పడతావని శుభ్రం చేసి, పాతదాని మీద ఎక్కిస్తున్నా. సగంలో ఆపేశావు. ఇప్పుడందులో పాతదీ లేదు, కొత్తదీ లేదు."

చిలకకు తల కొట్టేసినట్టయింది. బాబాయి కూర్చుని కాపీ మళ్ళీ మొదలుపెట్టాడు. ఆ పాత పెన్‌డ్రైవ్‌ది నత్తనడక. చిలక ఒకసారి గడియారం వైపు, ఒకసారి ఆయన వీపు వైపు చూస్తూ నిలబడింది.

"తప్పయిపోయింది బాబాయ్. నా బుద్ధి గడ్డితింది."

ఆయన తల తిప్పలేదు. కాపీ పూర్తయ్యాక విడిపించే కమాండ్ కొట్టాడు. ఈసారి కిక్కురుమనకుండా వదిలింది. పెన్‌డ్రైవ్ తీసి ఆమె అరచేతిలో పెట్టాడు.

"పరిగెత్తు, అందుకుంటావు" అన్నాడు. ఆమె గుమ్మం దాటుతుంటే మెల్లగా, "తిరిగొచ్చాక ఈ సిస్టమ్‌లో నా పేరు తీసెయ్ తల్లీ. ఇంకోసారి నీకు నా మీద అనుమానం రాకూడదు" అన్నాడు.

పెన్‌డ్రైవ్ పిడికిట్లో బిగించి, మెట్లు దిగుతూ చిలక వెక్కి వెక్కి ఏడ్చింది.