తెప్పలో జాగా

"నువ్వు ఊరికే ఆ చివర పట్టుకో చాలు. బరువంతా నా మీదే ఉంటుంది," అన్నాడు గార్త్.

పెళ్ళయిన ముప్ఫై నాలుగేళ్ళలో ఈ మాట రేవిన్ ఎన్నిసార్లు విందో లెక్కలేదు. పడవ మీద నుంచి జెట్టీ మీదకి, అక్కడి నుంచి కారులోకి ఆ తెల్ల పెట్టెను చేర్చేసరికి ఆవిడ వేళ్ళు ఎర్రగా కందిపోయాయి. పెట్టెలో మడత పెట్టి ఉన్నది రబ్బరు తెప్ప. నడిసముద్రంలో పడవ మునిగే గతి పడితే తాడు లాగాలి. అది గాలి నింపుకుని విచ్చుకుంటుంది. అందులోకి ఎక్కి ప్రాణాలు దక్కించుకోవాలి. మూడేళ్ళకోసారి దాన్ని విప్పించి, పరీక్ష చేయించి, కాగితం తెచ్చుకోకపోతే పడవని న్యూజిలాండ్ దాటనివ్వరు. తుఫాన్ల కాలం అయిపోయి మే నెల వస్తోంది. ఈ ఏడు కూడా ఫీజీ వెళ్ళాలని గార్త్ ఎప్పుడో నిశ్చయించేశాడు.

నిశ్చయాలన్నీ అతనివే, సర్దుళ్ళన్నీ ఆవిడవి. గార్త్ ఎలక్ట్రీషియన్ పని మానేసి పడవ కొన్న ఏడాది, రేవిన్ ఇరవై రెండేళ్ళు చేసిన స్కూలు ఆఫీసు ఉద్యోగం వదిలేసింది. వీడ్కోలు రోజున హెడ్మిస్ట్రెస్ "ఇంక నీకు అన్నీ సెలవులే" అంటే నవ్వి ఊరుకుంది. ఒక పక్కకి ఒరిగిపోయి ఊగే వంటగదిలో నడుముకి బెల్టు కట్టుకుని చారు కాచడం, మూడు గంటలకోసారి లేచి చుక్కాని దగ్గర కాపలా కూర్చోవడం, మరుగుదొడ్డి పంపు మూసుకుపోతే మోచేతి దాకా చెయ్యి పెట్టి తియ్యడం, ఇవీ ఆ సెలవులు. రేవు చేరగానే గార్త్ స్నేహితులకి రాసే ఉత్తరాల్లో మాత్రం "నేను ఫీజీ చేరాను" అని ఉంటుంది. ఒకసారి క్లబ్బులో ఎవరో పెద్దమనిషి "మీరు కూడా పడవ నడుపుతారా?" అని ఆవిడని అడిగితే, ఆవిడ నోరు తెరిచేలోపలే గార్త్ "ఆవిడ మా వంటశాఖ మంత్రి" అన్నాడు. అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది. ఆ నవ్వుకి తన మీద తనకే వచ్చిన అసహ్యం ఎన్నాళ్ళయినా పోలేదు.

ఫాంగరే రేవు వెనక వీధిలో తెప్పలు బాగుచేసే షెడ్డు నైరీది. యాభై దాటిన మావోరీ తెగ ఆవిడ, మాట మెత్తన, చేతులు గట్టివి. "చెప్పులు బయటే విప్పి రండమ్మా. నేల మీద చిన్న రాయి ఉన్నా రబ్బరుకి చేటు," అంది. పంపు పెట్టి గాలి కొడితే తెప్ప ముడతలు విప్పుకుంటూ పైకి లేచింది. నారింజరంగు పైకప్పుతో షెడ్డు సగం నిండిపోయింది. లోపలికి తొంగిచూసిన రేవిన్‌కి మూడేళ్ళుగా తన ప్రాణం దాచిపెట్టుకున్న చోటు ఇదేనా అనిపించింది.

నైరీ తెప్పలోని అత్యవసరపు సంచీ విప్పి బల్ల మీద సర్దింది. మంచినీళ్ళ పొట్లాలు, సాయం కోసం వెలిగించే, గడువు తీరిన రంగుమంటల గొట్టాలు, చిన్న అద్దం, టార్చి. తరవాత గార్త్ పేరు రాసిన ప్లాస్టిక్ సంచీ. అందులో అతని రెండో కళ్ళజోడు, రక్తపోటు మాత్రలు, తువ్వాలులో చుట్టిన వాళ్ళ నాన్న గాలపు రీలు.

"ఇదుగో మా నాన్న," అన్నాడు గార్త్ మురిపెంగా, రీలుని చేతిలోకి తీసుకుని రుమాలుతో తుడుస్తూ.

రేవిన్ ఇంకా బల్ల వైపే చూస్తోంది. "నాదేదీ?" అంది. "నీలం సంచీ. అందులో నా ఇన్‌హేలర్లు రెండు ఉండాలి."

నైరీ మూడేళ్ళ కిందటి కాగితం తీసి చూసింది. తరవాత స్టూలు వేసుకుని ఎక్కి, పై అరలో అట్టపెట్టెల వెనక నుంచి ఒక సంచీ దించింది. నీలం రంగు వెలిసి దుమ్ము పట్టింది. మీద రేవిన్ చేతిరాతే, 'రేవిన్, ఉబ్బసం మందు' అని. కింద కూతురి ఫోన్ నంబరు.

"రెండుసార్లు ఫోన్ చేశానమ్మా. వచ్చి పట్టుకెళ్తానన్నారు మీ ఆయన. తరవాత నేనూ మర్చిపోయాను. నా తప్పూ ఉంది," అంది నైరీ.

"రెండు సంచులూ పట్టలేదు, రే. జాగా లేదు. ఒకటి తీసెయ్యమంది ఈవిడ," అన్నాడు గార్త్.

"ఒకటి తియ్యాలి, ఏది తియ్యాలో మీరే చెప్పండి అన్నాను," అంది నైరీ, మెల్లగానే.

"అదే. నేను ఆలోచించే చెప్పాను. చేప పడితే ఇద్దరం తింటాం. మందయితే నీకొక్కదానికే కదా."

అంత నిజాయితీగా చెప్పాడు. అందులో తప్పేముందో అతనికి నిజంగా తెలియదని ఆ ముఖం చూస్తేనే తెలుస్తోంది. మర్చిపోయానని అంటే బాగుండునని రేవిన్ ప్రాణం ఎంతగా కొట్టుకుందో. మరుపుని క్షమించడం ఆవిడకి బాగా అలవాటు. పుట్టినరోజులు మర్చిపోయాడు, ఆవిడ తల్లి కర్మకాండ రోజు మర్చిపోయాడు, ఒకసారి పెట్రోలు బంకు దగ్గర ఆవిడనే మర్చిపోయి రెండు మైళ్ళు పోయాడు. అవన్నీ చుట్టాల్లో చెప్పుకు నవ్వే కథలయ్యాయి. ఇది మరుపు కాదు. తన ఊపిరినీ ఆ రీలునీ పక్కపక్కన పెట్టి, చూసి, తూచి, ఒకటి తీసి పక్కన పెట్టాడు.

ఆ మధ్యాహ్నం గుర్తొచ్చింది. రెండేళ్ళ కిందట టోంగా నుంచి తిరిగొస్తూ నడిసముద్రంలోని మినర్వా పగడపు దిబ్బలు దాటిన రెండో రోజు. అలలు పడవ మీద నుంచి దాటిపోతున్నాయి. గదిలోకి నీళ్ళొచ్చి మందులపెట్టె కొట్టుకుపోయింది. మోకాలి లోతు నీళ్ళలో కూర్చుని, చేతిలో మిగిలిన ఇన్‌హేలర్‌లో ఇంకెన్ని పీల్పులున్నాయో ఊపి చూసుకుంటోంది. పైన గార్త్ తెప్ప తాడు పట్టుకుని నించున్నాడు. దిగాల్సి వస్తుందేమోనని. "నా సంచీ అందులో ఉంది కదూ?" అని అరిచింది. అతను వంగి ఆవిడ కళ్ళలోకి చూశాడు. "ఉంది. దాంట్లోనే ఉంది. భయపడకు," అన్నాడు. పెళ్ళయ్యాక అతనన్న మాటలన్నిటిలోకీ ఆవిడకి ఇష్టమైన మాట అదే. తరవాత ఎంత కోపం వచ్చినా, ఎంత అలసిపోయినా ఆ మాటే తీసి చూసుకునేది. ఆ ఒక్క మాటని పట్టుకునే మళ్ళీ మరుసటి ఏడు కూడా పడవెక్కింది.

"ఆ రోజు ఉందన్నావు," అంది ఇప్పుడు.

అతనికి వెంటనే గుర్తొచ్చింది. దానికే ఇంకా బాధ వేసింది ఆవిడకి.

"మరేం చెప్పమంటావు? లేదంటే అక్కడే బిగుసుకుపోయేదానివి. ఆ మాటతో నిలదొక్కుకున్నావు. బతికే ఉన్నావు కదా? గాలివాన అయిపోయింది, దిగే అవసరమే పడలేదు. ఇప్పుడా రాద్ధాంతం? అదీ నలుగురిలో."

నలుగురు ఎవరూ లేరు. నైరీ ఒక్కతే, గాలి ఎక్కడైనా పోతోందేమో చూడ్డానికి సబ్బునీళ్ళ బకెట్టుతో తెప్ప కిందకి దూరిపోయింది.

మధ్యాహ్నానికి తేలింది, తెప్ప అడుగున అతుకు ఊడుతోందని. ఒక చోట వేలు పెడితే రబ్బరు కాగితంలా లేచి వచ్చింది. "ఇంక దీనికి సంతకం పెట్టలేను. కొత్తది కొనుక్కోవాలి," అంది నైరీ. గార్త్ కాసేపు గొణిగి, తరవాత ఉత్సాహపడిపోయాడు. అతనికి సామాను ఎంచుకోవడమంటే సరదా. నైరీ రెండు రకాలు చూపించింది. ఒకటి గట్టి పెట్టెలోది, బరువు. రెండోది సంచీలోది, తేలిక.

"ఇది మీరూ ఎత్తగలరు," అంది రేవిన్‌తో. "ఆయన నీళ్ళలో పడిపోతే తెప్ప విసరాల్సింది మీరే కదా."

"నేనెక్కడ పడతాను? పెట్టెదే ఇయ్యి. నలుగురు పట్టేది," అన్నాడు గార్త్. ఆవిడ వైపు చూడలేదు.

రేవిన్ సంచీలోదాన్ని ఒకసారి ఎత్తి చూసింది. ఎత్తగలిగింది. మళ్ళీ జాగ్రత్తగా కింద పెట్టింది.

కొత్త తెప్పకి ఫారం నింపాలి. గార్త్ దాన్ని చూడకుండానే ఆవిడ వైపు తోశాడు. "రాతకోతలు మా ఆవిడవి. నా కళ్ళజోడు, మాత్రలు, రీలు రాయి. ఈసారి నీ సంచీ కూడా పెట్టిద్దాం, సరేనా? కోపం పోయిందా?" అని ఆవిడ భుజం తట్టి, కిటికీ దగ్గరకి పోయి రీలు తిప్పుకుంటూ కూర్చున్నాడు.

ఆవిడ రాసింది. పడవ పేరు, యజమాని పేరు. సొంత సామాను అన్న చోట కళ్ళజోడు, మాత్రల పేరు, పొద్దున ఒకటి, అన్నం తిన్నాక అని కూడా. అతను ఒక్కడూ వేసుకోవాల్సి వస్తే తికమకపడకూడదని. రాస్తుంటే కళ్ళు మసకబారాయి, ఆగి తుడుచుకుంది. కోపం వస్తుందేమోనని చూసింది గానీ రాలేదు. ఎవరో పోయినంత దుఃఖం వచ్చింది. నీలం సంచీ తీసి, దుమ్ము దులిపి, తన చేతిసంచీలో పెట్టుకుంది.

ఆఖరి గడి మిగిలింది. పడవలో ప్రయాణించేవారు ఎందరు? అందులో 1 అని వేసి కాగితం నైరీకిచ్చింది.

నైరీ చదివింది. తలెత్తి రేవిన్‌ని చూసింది. రేవిన్ కళ్ళు దించుకోలేదు. నైరీ ముద్ర వేసింది.

"నలుగురు పట్టే తెప్పలో ఇద్దరం," అన్నాడు గార్త్ కిటికీ దగ్గర నుంచి, రీలు మీంచి చూపు తిప్పకుండా. "కాళ్ళు చాపుకుని పడుకోవచ్చు. కదా, రే?"

"చాపుకోవచ్చు," అంది రేవిన్. "నీకు బోలెడంత జాగా ఉంటుంది."