వంగని చోట ఎర్ర పీలిక

నేను ఒక వెదురు బద్దని. అలా తీసిపారేసినట్టు చూడకండి. తట్టకో, చాటకో, కోడిగంపకో బతుకు ధారపోసిన బద్దల్నే మీరు చూసి ఉంటారు. నేను విల్లు వీపుని! ఈ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఈ చివర నుంచి ఆ చివరకి ఒళ్ళు జలదరిస్తుంది.

విల్లుకీ మనిషిలాగే పొట్టా వీపూ ఉంటాయి. వేసేవాడి వైపున్నది పొట్ట, గురి వైపున్నది వీపు. తాడు లాగితే పొట్ట ముడుచుకుంటుంది, వీపు సాగుతుంది. ఆ సాగడం ఓర్చుకోలేకే విల్లు చీలుతుంది. పొట్ట కోసం వీపు పడే పాట్లు మనుషులకు చెప్పాలా!

నిజానికి నేనూ కోడిగంపలో కలవాల్సినదాన్నే. సిరిగపుట్టు అనే కొండ ఊళ్ళో సుక్రి గంపలల్లడంలో దిట్ట. ఆమె గంప కోసం నన్ను చీరి వాకిట్లో పడేసింది. రేపో మాపో కోళ్ళ రెట్టలకు అలవాటు పడాలి కదా అని మనసు కుదుటపరుచుకుంటున్నాను. అంతలో ఆమె మొగుడు లచ్చన్న విల్లు చంకన పెట్టుకుని, చచ్చినవాణ్ణి మోసుకొచ్చినట్టు వచ్చి చతికిలబడ్డాడు.

"ఏటి మావా, మొకం అలగెట్టీసినావు?"

"విల్లు ఈపు మీద సీలిక లేసిపోనాదే. ఈయేడు కూడా మా వదిన సేతిలో తానమే!"

ఆ స్నానం సంగతి చెప్పాలి. చైత్రమాసపు పండుగకు ఆ ఊరి మగవాళ్ళు పూర్వం వేటకి వెళ్ళేవారు. ఉత్త చేతులతో వచ్చినవాడికి ఆడవాళ్ళు పేడనీళ్ళతో స్వాగతం చెప్పేవారు. అడవిలో వేట మానేశాక పనసకొమ్మకు గుమ్మడికాయ వేలాడదీసి కొడుతున్నారు. జింక పోయి గుమ్మడికాయ వచ్చింది గానీ పేడనీళ్ళు మాత్రం చెక్కుచెదరలేదు. లచ్చన్నది తడచెట్టు కర్రతో చేసిన విల్లు. తాతనాటిది, బిగువు సడలింది. దాని బాణం గుమ్మడికాయ దాకా వెళ్ళి, దండం పెట్టి, కింద కూలబడేది. ఏటేటా అతని వదిన కాసులమ్మ పేడనీళ్ళ గోలెం దగ్గర కాచుకుని, "రా మరిదీ, నీళ్ళు కాగినాయి!" అని పిలిచేది.

సుక్రి విల్లు వైపు చూసింది. నా వైపు చూసింది.

"సీలితే బద్ద అతికించు మావా. ఇదిగో, కణుపులు ఎడంగా ఉన్న బద్ద."

"నువ్వు ముట్టుకోకే! దిసారి తాత సూసినాడంటే పొయ్యిలో ఎట్టీగలడు!"

అదీ ఆ ఊరి కట్టుబాటు. పండుగ విల్లును ఆడది తాకితే దాన్ని విరిచి అంబలి పొయ్యిలో పెట్టాలి. పూజలు చేసే దిసారి ఈ విషయంలో మహా పట్టుదల మనిషి. కానీ అతికించే పని ఒంటి చేత్తో అయ్యేది కాదే! లచ్చన్న అటూ ఇటూ చూసి తలుపు గెడియ వేశాడు.

ఇక మొదలైంది నా పెళ్ళి సంబరం. నా లోపలి మెత్తటి పొరను సుక్రి గాజుపెంకుతో గీకి అద్దంలా చేసింది. పైనున్న పచ్చటి తోలును మాత్రం గోటితో కూడా గీరలేదు. లాగుడంతా ఓర్చుకునేది ఆ తోలే. లచ్చన్న విల్లు వీపు మీది చీలిక పేళ్ళు తీసి చదును చేశాడు. వడ్రంగుల తెల్లజిగురు నాకూ విల్లుకీ దట్టంగా పూశారు. చల్లగా, చక్కిలిగింతగా ఉంది! విల్లును రోజూ వంగే వైపు కాకుండా కాస్త ఎదురు వైపుకి వంచిపెట్టి, నన్ను దాని మీద పడుకోబెట్టారు. సుక్రి బొటనవేళ్ళతో నొక్కి పట్టింది. లచ్చన్న పాత సైకిలు ట్యూబు పీలికలతో ఈ కొస నుంచి ఆ కొసకి బిర్రుగా చుట్టాడు. ఊపిరాడలేదు గానీ, కొత్త పెళ్ళికూతురు ఊపిరాడలేదని చెప్పుకుంటుందా?

జిగురు ఆరాక లచ్చన్న ట్యూబు విప్పి చూశాడు. విల్లు నడుమ చేత్తో పట్టుకునే పిడి దగ్గర, నాకూ విల్లుకీ మధ్య నుంచి ఎర్రటి చీర పీలిక ఒకటి నాలుక చాపినట్టు బయటికి వచ్చి ఉంది. సుక్రి పండుగ చీర చెంగుది.

"ఓలమ్మో! ఇదెలాగ దూరిపోనాదే?"

"ఏమో మావా, నొక్కినప్పుడు సిక్కుకున్నాదేటో." ఆమె చినిగిన చెంగును నడుముకు దోపుకుంది.

లాగితే రాలేదు. కోసినా, జిగురులో అతుక్కుపోయిన అంచు కనిపిస్తూనే ఉంది. పండుగ డప్పులు మోగేశాయి. లచ్చన్న ఆ చోటును గుప్పిట్లో దాచుకుని బయల్దేరాడు.

దాచుకుంటే దాగుతుందా? బాణం ఎక్కుపెట్టే ముందు విల్లుకు పసుపు రాయాలి. దిసారి పసుపు వేలు పిడి మీద ఆగిపోయింది.

"ఇదేట్రా?"

డప్పులు ఆగాయి. అంబలి పొయ్యి చిటపటలు నాకు మరీ దగ్గరగా వినపడ్డాయి. నా పచ్చతోలు మీద అప్పుడే సెగ తగిలినట్టయింది.

"నా సీరే తాతా," అంటూ సుక్రి ముందుకొచ్చింది. "బద్ద సీరింది నాను. గీకింది నాను. నొక్కి పట్టింది నాను."

"అయితే పొయ్యిలో ఎట్టీయాల్సిందే!"

"ఎట్టీ తాతా. నీ ఇంటి విల్లు కూడా తెచ్చీ మరి. దాని తాడుకి నార పేనిందెవురు?"

దిసారి వెనక నుంచి అతని ముసలిభార్య బోసినోటితో కిసుక్కున నవ్వింది. "ఇంకెవురు, నానే! మీయమ్మ కాలం నుంచి నానే కదేటి!"

ఆడవాళ్ళందరూ ఒక్కసారిగా ఎవరి తాడు ఎవరు పేనారో చెప్పడం మొదలెట్టారు. ఆ లెక్కన ఊళ్ళో పొయ్యి దాటి బతికే విల్లు ఒక్కటీ మిగలదు. దిసారి చూశాడు, గొంతు సవరించుకున్నాడు. "కొండదేవరే సెప్పుతాడు. తగిల్తే విల్లు ఉంటాది. తగల్నేదా, పొయ్యే!" అని గోలెం పక్కనే, గుమ్మడికాయ వేలాడుతున్న పనసచెట్టు మాటుకు పోయి నిలబడ్డాడు. కాసులమ్మ అప్పటికే కుండ ముంచి పట్టుకుని ఉంది.

లచ్చన్న తాడు లాగాడు. అమ్మో, ఆ లాగుడు! ఒళ్ళంతా నారనారకీ సాగాను. విరుగుతానా, ఉంటానా? సాగాను, ఇంకా సాగాను, ఏదో పిచ్చి సంతోషం కణుపుల్లోంచి తన్నుకొచ్చింది. వదిలాడు!

ఈసారి బాణం దండం పెట్టలేదు. గుమ్మడికాయను గుద్ది పైకి ఎగరగొట్టింది. కాయ ఊగి కొమ్మ చుట్టూ తిరిగొచ్చి, తాడు తెంచుకుని, నేరుగా గోలెంలో పడింది. ధబ్బున! కాసులమ్మ, ఆమె పటాలం, కొండదేవర తీర్పు కోసం మాటున నిలబడ్డ దిసారి, అందరూ ఒకే రంగుకి వచ్చారు. దిసారి మీసం మీది పేడ తుడుచుకుని, "తగిలినాదిరా," అన్నాడు. ఊరు ఊరంతా కడుపు పట్టుకుని నేల మీద దొర్లింది.

లచ్చన్న గంతులేస్తుంటే సుక్రి గోలెంలో మిగిలిన నీళ్ళు దోసిట్లో పట్టి అతని నెత్తిన పోసింది.

"గెలిసినాను కదే!"

"అలవాటు తప్పితే జొరం వత్తాది మావా."

ఇప్పుడు నేను లచ్చన్న ఇంట్లో వంటపొయ్యి పైన దూలానికి వేలాడుతూ, పొగ తాగుతూ హాయిగా ఉన్నాను. మరుసటి ఏడు పండుగకు ఊళ్ళోని ప్రతి విల్లుకీ నాలాంటి బద్ద ఎక్కింది, దాని కింద నుంచి ఓ చీర పీలిక వేలాడింది. దిసారి విల్లుకి అందరికన్నా పెద్దది. అదృష్టమట! ఎవరికి తోచిన చోట వాళ్ళు అంటించుకున్నారు. కొసల్లో పెట్టినవాళ్ళకు జిగురు విడిపోయి బద్దలు లేచిపోయాయి.

విల్లులో వంగని చోటు పిడి ఒక్కటే. అక్కడ గుడ్డ ఇరుక్కున్నా విల్లుకేమీ కాదు. ఆ సంగతి సుక్రికి తెలుసని నాకు తెలుసు. ఆ రోజు లచ్చన్న ట్యూబు కోసం అటు తిరిగినప్పుడు, ఆమె చెంగు అంచు పళ్ళతో చింపి, బొటనవేలితో నా కిందకు తోసింది. ఆ వేలు ఎంత గట్టిగా నొక్కిందో, దాని గుర్తు నా మీద ఇంకా ఉంది.