రెండు కిలోల వదులు

మా చెల్లి టెన్నిస్ రాకెట్లకు తీగలు బిగించేది నేనే. పద్నాలుగేళ్లుగా అదే నా పని. ఆ బిగువుని కిలోల్లో కొలుస్తారు; అందులో పావు కిలో తేడా వచ్చినా ఒక్క బంతి కొట్టి కనిపెట్టేసేది. "అన్నయ్యా, ఇది రాకెట్టా, చేపల వలా?" అని నా ఒళ్లో పడేసిపోయేది. నాకు ఒళ్లు మండేది. అయినా తీగలన్నీ కోసేసి మళ్లీ మొదటినుంచి బిగించేవాణ్ణి.

పోయిన వేసవిలో పెద్ద కప్పు గెలిచింది, ప్రపంచంలో నంబర్ వన్ అయింది. పన్నెండో ఏటినుంచి కోరుకున్నవన్నీ చేతికొచ్చేశాయి. అప్పట్నుంచి రాకెట్ ఏది ఇచ్చినా "బాగుంది" అంటుంది, కనీసం చూడకుండా! కోచ్ అలసట అన్నాడు. అమ్మ సరిగా తినడం లేదంది. డాక్టరేమో అంతా నిక్షేపంగా ఉందన్నాడు. వరసగా మూడు టోర్నమెంట్లలో మొదటి రౌండులోనే ఓడిపోయి, గదికొచ్చి హాయిగా నిద్రపోయింది. ఓడినందుకు కాదు, ఆ నిద్ర చూసి నాకు తిక్క రేగింది.

నిన్న పొద్దున్న తెగించాను. తెల్లారితే కొత్త టోర్నమెంటులో మొదటి మ్యాచ్. ప్రాక్టీసు రాకెట్‌కి కావాలనే రెండు కిలోలు వదులుగా బిగించాను. చేసే పని తెలిసినవాడెవడూ చెయ్యకూడని పని. నాకు కావలసిందల్లా ఒక్క తిట్టు.

కోర్టు పక్క బెంచీ మీద కూర్చున్నాను. తీగలు వదులైతే బంతి అదుపు తప్పి దూరం పోతుంది; మొదటి బంతి గీత దాటి రెండు గజాల అవతల పడింది. రెండోది వెనక కంచెకు తగిలింది. ఇక మొదలెడుతుందని కాచుక్కూర్చున్నాను. ఏమీ లేదు. చెయ్యి విసురు కాస్త తగ్గించుకుని, గంటసేపు ఆడి, తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ వచ్చింది.

"ఎలా ఉంది?" అన్నాను.

"బాగుంది."

అరికాలి మంట నెత్తికెక్కింది. "ఏం బాగుంది, నా మొహం! రెండు కిలోలు వదులుగా కట్టానే దాన్ని!"

"మొదటి బంతికే తెలిసింది."

"మరి నోరు పడిపోయిందా? చెప్పొచ్చుగా!"

బూట్ల లేసులు విప్పుకుంటూ నెమ్మదిగా అంది. "చెప్తే సరిచేస్తావు. సరిచేస్తే మళ్లీ బాగా ఆడాలి కదా అన్నయ్యా."

ఇన్ని నెలలూ 'నీకేం కావాలే' అని దీన్ని ఒక్కరమూ అడగలేదు. తినమన్నాం, పడుకోమన్నాం, పరిగెత్తమన్నాం. నేనైతే మోసం కూడా చేశాను.

"రేపు ఆడతావా, మానేస్తావా?" అన్నాను చివరికి.

"మానేస్తా."

ఇద్దరం టోర్నమెంటు ఆఫీసుకి వెళ్లాం. తప్పుకుంటున్నట్టు రాసివ్వమని అక్కడి గుమస్తా కాగితం ఇచ్చాడు. 'కారణం' అన్నచోట ఏం రాయాలో తోచక 'మోచేతి నొప్పి' అని రాశాను. మా చెల్లి నా చేతిలో పెన్ను లాక్కుని, నేను రాసింది అడ్డంగా కొట్టేసి, 'ఆడాలని లేదు' అని రాసి సంతకం పెట్టింది.

నేను ఆపలేదు. నా కోపం మాత్రం ఇంకా తగ్గలేదు.